హెడ్‌లైట్ల మసక: మెరుపు వేరు, మరమ్మతు వేరు

గాజువాక ఆటోనగర్‌లో లైట్లు బాగుచేసే మాలాంటి వాళ్ల దగ్గరికి వచ్చే పాత కార్లలో చాలావాటికి హెడ్‌లైట్లు పసుపెక్కి ఉంటాయి. ఓనర్లు కూడా ఊరికే రారు. ఇంట్లో ఏదో ఒకటి రుద్ది, ఫోన్‌లో నాలుగు వీడియోలు చూసి, ఒక అభిప్రాయంతో వస్తారు. అలా రోజూ మా చెవిన పడే మాటలు కొన్ని ఇక్కడ పెడుతున్నాను.

అపోహ: వైజాగ్‌లో ఉప్పుగాలి వల్లే లైట్లు ఇలా అవుతాయి.

నింద సముద్రం మీద పడుతోంది గానీ, అసలు దోషి ఎండ. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని రోజుల్లో లైటు ముందు ఉండేది నిజమైన గాజు. రాయి తగిలితే పగిలేది తప్ప పసుపెక్కేది కాదు. ఇప్పుడున్నది పాలీకార్బొనేట్ ప్లాస్టిక్. దెబ్బకు ఓర్చుకుంటుంది గానీ ఎండలోని అతినీలలోహిత కిరణాలకు తట్టుకోలేదు. అందుకే ఫ్యాక్టరీలోనే దాని మీద పారదర్శకమైన గట్టి పూత వేసి పంపుతారు. ఏళ్ల తరబడి ఎండకు ముందు ఆ పూత పోతుంది, ఆ తర్వాత కింది ప్లాస్టిక్ రంగు మారుతుంది.

నమ్మకం కుదరకపోతే ఏళ్లుగా ఒకే చోట, ఒకే దిక్కుకు నిలిపే కారును చూడండి. గోడ నీడ పడే వైపు లైటు కాస్త నయంగా ఉంటుంది, రెండోది ముదురు పసుపు. ఉప్పుగాలి రెండింటికీ ఒకటే కదా!

ఉప్పు చేసే చెడు వేరే ఉంది. లైటు బిగించే స్క్రూలు, కనెక్టర్ పిన్నులు తుప్పు పడతాయి. ఇక పోర్టు వైపు, కాన్వెంట్ జంక్షన్ చుట్టుపక్కల బండి నిలిపేవాళ్లకు దుమ్ము బెడద. ఆ దుమ్మును పొడిగుడ్డతో తుడవకండి. అదే గరుకు కాగితంలా గీతలు పెడుతుంది. ముందు నీళ్లు పోయండి, తర్వాతే గుడ్డ.

అపోహ: టూత్‌పేస్ట్ చాలు.

మెరుస్తుంది, కాదనను. అందుకే ఈ చిట్కాకు చావు లేదు. పేస్టులో సన్నని రాపిడి పొడి ఉంటుంది కాబట్టి పైపొరను కొంచెం గీకుతుంది. కానీ పోయిన పూతను అది తెచ్చి పెట్టదు. మిగిలిన కాస్త పూతను కూడా తీసేస్తుంది. ఎండలో నిలిపే కారైతే కొన్ని వారాల్లో మళ్లీ మొదటికే వస్తుంది. కిరోసిన్, కొబ్బరినూనె సంగతీ అంతే. గరుకులో నిండి తడిగా ఉన్నంతసేపే ఆ మెరుపు.

 వీటికన్నా ఎక్కువ భయపడాల్సినవి పెట్రోలు, థిన్నర్, డీట్ అనే రసాయనం ఉన్న దోమల మందు. ఇవి పాలీకార్బొనేట్‌ను తినేస్తాయి. సాలెగూడులా సన్నని పగుళ్లు లోతుగా దిగాయంటే ఇక ఏ గరుకు కాగితంతో రుద్దినా పోవు.

అపోహ: ఆవిరి పడితే ఐదు నిమిషాల్లో కొత్తదైపోతుంది.

ఈ మధ్య అందరూ అడుగుతున్నది ఇదే. వేడెక్కే కప్పులో ఏదో ద్రవం పోస్తారు. గొట్టంలోంచి వచ్చే ఆవిరిని లైటు మీద తిప్పితే కళ్ల ముందే గాజులా మెరుస్తుంది. చూడటానికి బాగుంటుంది కాబట్టే వీడియోలు అంతగా తిరుగుతున్నాయి. ఆ ద్రవం సాధారణంగా డైక్లోరోమీథేన్ లాంటి ద్రావకం. అది ప్లాస్టిక్ పైపొరను కరిగించి గీతలను పూడుస్తుంది, అంతే. ఎండను ఆపే పూత అక్కడ ఏదీ పడదు. పైగా కరిగి గట్టిపడిన పొర కొన్నాళ్లకు చిట్లే ప్రమాదం ఉంది. ఆ ఆవిరి పీల్చడం ఒంటికి ఎంత చెడ్డదంటే, అమెరికా 2024లో ఇళ్లలో వాడే వస్తువుల్లో డైక్లోరోమీథేన్‌ను నిషేధించింది. మన దగ్గర రోడ్డు పక్కన మాస్కు కూడా లేకుండా పట్టేస్తున్నారు.

అపోహ: వాటర్ పేపర్‌తో (నీళ్లు పోస్తూ రుద్దే గరుకు కాగితం) రుద్దితే లైటు అరిగిపోతుంది.

ఆ ప్లాస్టిక్ మందం రెండున్నర, మూడు మిల్లీమీటర్లు ఉంటుంది. మేం తీసేది వెంట్రుక మందం కూడా ఉండదు. అరుగుదల గురించి టెన్షన్ అక్కర్లేదు. పని సగంలో ఆపేవాళ్లతోనే అసలు తంటా.

ముందు కడిగి, చుట్టూ పెయింటు మీద మాస్కింగ్ టేప్ రెండు వరసలు వేయాలి. మసక ఎక్కువగా ఉంటే 800 నంబరు పేపరుతో, లేకపోతే 1000తో మొదలుపెట్టి 1500, 2000, 3000 దాకా వెళ్లాలి; నంబరు పెరిగేకొద్దీ కాగితం గరుకు తగ్గుతుంది. నీళ్లు ఆగకూడదు. మొదట్లో కారే నీళ్లు పసుపుగా, మురికిగా ఉంటాయి. అది పాత పూత. రుద్దుతూ పోతే ఒక దశలో ఆ నీళ్లు పాలలా తెల్లబడతాయి, లైటంతా ఒకే తీరుగా మంచు పట్టినట్టు కనిపిస్తుంది. అప్పుడే తర్వాతి నంబరుకు వెళ్లాలి. ఎక్కడైనా పూత అంచు గీతలా మిగిలిపోతే, చివర్లో ఎంత పాలిష్ పట్టినా అది అక్కడే కనపడుతుంది. నంబర్లు దాటేసి 1000 నుంచి నేరుగా 3000కు దూకితే పగలు బాగానే ఉంటుంది, రాత్రి లైటు వేస్తే గీతలన్నీ బయటపడతాయి. చివర్లో పాలిష్ పట్టే బఫింగ్ మెషిన్‌ను తక్కువ స్పీడులో తిప్పాలి, ఒకేచోట ఆపితే ప్లాస్టిక్ కాలుతుంది.

చాలామంది ఇక్కడితో డబ్బులిచ్చి వెళ్లిపోతారు. ఇది గోడకు పాత సున్నం గీకి, కొత్తది వేయకుండా వదిలేయడమే. ఆల్కహాల్‌తో తుడిచి, ఎండను ఆపే క్లియర్ కోట్ (పారదర్శకమైన పూత) గానీ, కనీసం మంచి పీపీఎఫ్ ఫిల్మ్ (పైన అంటించే పారదర్శకమైన రక్షణ పొర) గానీ పడాల్సిందే. రెండు భాగాలు కలిపి వేసే టూ-కే క్లియర్‌లో, గట్టిపడటానికి కలిపే హార్డనర్‌లో ఒంటికి చెడు చేసే ఐసోసయనేట్‌లు ఉంటాయి, మామూలు గుడ్డ మాస్కు వాటిని ఆపదు. అందుకని ఇంట్లో స్ప్రే చేయమని ఎవరికీ చెప్పను. వాన రోజు అసలు వేయను. మన ఊరి తేమకు క్లియర్ తెల్లగా మసకేసే ప్రమాదం ఉంది. "ఖాళీగానే ఉన్నారు కదండీ" అంటారు కస్టమర్లు. ఖాళీగానే ఉంటాం, అయినా వేయం.

అపోహ: లైటు తగ్గితే పెద్ద బల్బు వేస్తే సరి.

కార్లలో మామూలుగా వాడే హెచ్4 రకం బల్బు 60/55 వాట్లు, అంటే దూరపు వెలుగుకు 60, దగ్గరి వెలుగుకు 55. దాని స్థానంలో 100/90 పెడితే హోల్డరు, వైరింగు వేడెక్కి మాడతాయి. మసక పొర కాంతిని చెదరగొడుతుంది కాబట్టి ఆ ఎక్కువ వెలుగు రోడ్డు మీదకు కాకుండా ఎదుటివాడి కళ్లలోకి పోతుంది. రాత్రి పూట అరకు ఘాట్‌లో, అందులోనూ మంచు పడితే, మీకే ఎదురుగా తెల్లటి గోడ కట్టినట్టు ఉంటుంది. బాగా పాడైన లైట్లు కొత్తవాటి కాంతిలో ఐదో వంతే ఇస్తున్నాయని అమెరికాలోని వాహనదారుల సంస్థ ఏఏఏ 2018లో పరీక్షించి చెప్పింది. రుద్ది బాగుచేస్తే సుమారు 70 శాతం దాకా తిరిగి వచ్చింది. నూటికి నూరు కావాలంటే కంపెనీ లైటు మార్చడమే. ఈ మాట చెబితే మా బేరం పోతుంది, అయినా నిజం నిజమే.

అపోహ: డూప్లికేట్ కొత్త లైటు, బాగుచేసిన పాత లైటు కన్నా మేలు.

చవక రకాల్లో పూత నాసిగా ఉంటుంది, కాంతి పడే తీరూ తేడా కొడుతుంది. ఒరిజినల్ లైటు లోపల బాగుంటే దాన్ని వదులుకోకండి.

అపోహ: ఎంత మసకైనా రుద్దితే పోతుంది.

బేరం ఆడేముందు ఇంట్లోనే తేల్చుకోవచ్చు. లైటు మీద మగ్గుడు నీళ్లు పోయండి. తడిగా ఉన్నంతసేపు స్పష్టంగా కనిపిస్తే మసక పైనే ఉంది, పని జరుగుతుంది. తడిపినా అలాగే ఉంటే మసక లోపల ఉన్నట్టు, లేదా పగుళ్లు లోతుగా దిగినట్టు. వానాకాలంలో లోపల పట్టే పల్చటి చెమ్మ లైటు వేసి కాసేపు తిరిగితే ఆరిపోతుంది, గాలి ఆడే రంధ్రాలు అందుకే ఉన్నాయి. నీళ్లు అడుగున నిలిస్తే మాత్రం సీల్ పోయింది. ముందు ఆ లీకు చూపించండి, మసక సంగతి తర్వాత.