వ్యవస్థాపకులు వెళ్లిపోతే బ్లాక్‌చెయిన్ ఎవరి చేతిలో ఉంటుంది? అపోహలు - వాస్తవాలు

భీమవరంలో ఉంటూ ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉండే) బ్లాక్‌చెయిన్ సాఫ్ట్‌వేర్ మీద పనిచేస్తున్నాను. బ్లాక్‌చెయిన్ అంటే లావాదేవీలను బ్లాకులుగా కట్టి, ఎన్నో కంప్యూటర్లలో ఒకేలా ఉంచే పద్దు. ఇతరులు రాసిన కోడ్ చదవడం, తప్పులు పట్టుకోవడం, కొత్త వెర్షన్ వచ్చే ముందు టెస్ట్ నెట్‌వర్క్ (అసలు డబ్బు లేకుండా పరీక్షలకే పెట్టుకున్నది) మీద నడిపి చూడటం నా పని. ఈమధ్య చెరువుల రైతులూ, ఇంజనీరింగ్ పిల్లలూ ఒకటే ప్రశ్న అడుగుతున్నారు: "కంపెనీ చేతులెత్తేసిందటండీ, కమ్యూనిటీ తీసుకుందట. ఇప్పుడు కొనొచ్చా?" కొనడం సంగతి తర్వాత. ముందు తీసుకోవడం అంటే ఏమిటో చూద్దాం.

అపోహ: మొదలుపెట్టినవాళ్లు పోతే ప్రాజెక్టు పోయినట్టే.

బిట్‌కాయిన్ సృష్టికర్త సతోషి నకమోటో 2010 చివర్లో బహిరంగంగా రాయడం మానేశాడు. ఆ తర్వాత కోడ్ పని గావిన్ ఆండ్రెసెన్ అనే డెవలపర్ చూసుకున్నాడు. 2014లో ఆ బాధ్యత వ్లాదిమిర్ వాన్ డెర్ లాన్‌కు వెళ్లింది. ఇన్ని చేతులు మారినా బ్లాకులు వస్తూనే ఉన్నాయి. డోజ్‌కాయిన్‌ను 2013 డిసెంబరులో మొదలుపెట్టిన ఇద్దరూ ఎప్పుడో తప్పుకున్నారు. అదీ నడుస్తోంది.

నాకు బాగా నచ్చేది మొనెరో అనే ఇంకో క్రిప్టో నాణెం కథ. 2014 ఏప్రిల్‌లో మారుపేరుతో ఒకాయన దాన్ని బిట్‌మొనెరో పేరుతో విడుదల చేశాడు. చుట్టూ చేరినవాళ్లకూ ఆయనకూ పొసగలేదు. రోజుల వ్యవధిలోనే వాళ్లు కోడ్ తీసుకుని, పేరు కుదించి, సొంతంగా ముందుకు సాగారు. కోడ్ అందరికీ తెరిచి ఉంది కాబట్టి ఎవరి అనుమతీ అక్కర్లేకపోయింది. అయితే ఆ కోడ్ చదివి అర్థం చేసుకోగలవాళ్లు అక్కడ ఉన్నారు కాబట్టే అది బతికింది. అలాంటివాళ్లు లేనిచోట కోడ్ తెరిచి ఉన్నా లాభం లేదు.

అపోహ: గిట్‌హబ్ (కోడ్ దాచి పంచుకునే సైట్) తాళం ఎవరి దగ్గరుంటే ప్రాజెక్టు వాళ్లదే.

మన కాలువల లాకుల దగ్గర లస్కర్ పని డెల్టాలో అందరికీ తెలిసిందే. షట్టర్ ఎత్తేదీ దించేదీ ఆయనే. అంతమాత్రాన దాళ్వాకు ఎంత నీరు, ఏ కాలువకు ఏ వంతు అన్నది ఆయన నిర్ణయం కాదు. మెయింటైనర్ పని కూడా ఇంతే. మార్పును కోడ్‌లో కలిపే హక్కు అతనికి ఉంటుంది. ఆ మార్పు నెట్‌వర్క్‌లో అమలు కావాలంటే మాత్రం నోడ్లు, అంటే ఆ పద్దును ఉంచుకుని సరిచూసే కంప్యూటర్లు, నడిపేవాళ్లు కొత్త వెర్షన్ వేసుకోవాలి. బిట్‌కాయిన్ ప్రధాన సాఫ్ట్‌వేర్ అయిన బిట్‌కాయిన్ కోర్‌లో దానంతటదే అప్‌డేట్ అయ్యే ఏర్పాటు కూడా లేదు. కావాలని పెట్టలేదు.

2016 మేలో గావిన్‌కు ఉన్న కమిట్ హక్కును (మార్పులు కోడ్‌లో కలిపే హక్కు) మిగతా డెవలపర్లు తీసేశారు. ఒకప్పటి నాయకుడి చేతిలోంచి తాళం పోయినా నెట్‌వర్క్ ఆగలేదు. అదే ఏడాది ఇథీరియం అనే మరో బ్లాక్‌చెయిన్‌లో ద డావో అనే కాంట్రాక్టు (చెయిన్ మీదే నడిచే ప్రోగ్రాం) నుంచి దాదాపు 36 లక్షల ఈథర్, అంటే ఆ చెయిన్ నాణేలు, దొంగల పాలైంది. దాన్ని వెనక్కి తేవడానికి జులై 20న హార్డ్ ఫోర్క్ (పాత వెర్షన్‌తో పొసగని నియమాల మార్పు) చేశారు. వ్యవస్థాపకులే ముందుండి నడిపించినా ఒప్పుకోనివాళ్లు పాత చెయిన్‌నే కొనసాగించారు. అదే ఇథీరియం క్లాసిక్.

అపోహ: కమ్యూనిటీ అంటే ఓటింగ్ పెడతారు, మెజారిటీ మాట నెగ్గుతుంది.

చాలా చెయిన్లలో ఓటు మనిషికి కాదు, టోకెన్‌కు, అంటే ఆ చెయిన్ నాణేనికి. 2020 ఫిబ్రవరిలో ట్రాన్ అనే చెయిన్ అధిపతి జస్టిన్ సన్, స్టీమ్ అనే ఇంకో చెయిన్ వెనకున్న స్టీమిట్ కంపెనీని కొన్నాడు. దానితో పాటు మొదట్లోనే ఆ కంపెనీ పోగేసుకున్న స్టీమ్ టోకెన్ల కుప్ప కూడా ఆయన చేతికి వచ్చింది. స్టీమ్ చెయిన్ నడిపేవాళ్లు ఆ టోకెన్ల ఓటు హక్కును ఆపేశారు. మార్చి మొదట్లో కొన్ని పెద్ద ఎక్స్ఛేంజీలు (టోకెన్లు కొని అమ్మే వేదికలు) ఖాతాదారులు దాచుకున్న టోకెన్లతోనే ఓటేసి వాళ్లను దించేశాయి. దాచుకున్నవాడిని అడిగిన పాపాన పోలేదు. నన్ను అడిగితే ఈ రంగంలో ఇంతకంటే పెద్ద పాఠం లేదు. ఓడిపోయినవాళ్లు ఊరుకోకుండా 2020 మార్చి 20న హైవ్ పేరుతో వేరే చెయిన్ పెట్టుకుని, అందులో కంపెనీ వాటాను లెక్కలోకి తీసుకోలేదు.

అపోహ: కంపెనీ పోయింది కాబట్టి ఖర్చు లేదు, అందరూ ఉచితంగా చేస్తారు.

టెలిగ్రామ్ కంపెనీ టాన్ బ్లాక్‌చెయిన్ నుంచి 2020 మేలో తప్పుకుంది. అమెరికా మార్కెట్ల నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ పెట్టిన కేసు తేల్చుకోవడానికి మదుపరులకు 120 కోట్ల డాలర్లకు పైగా వెనక్కివ్వాల్సి వచ్చింది, 1.85 కోట్ల డాలర్ల జరిమానా అదనం. బయటి డెవలపర్లు టెస్ట్ నెట్‌వర్క్‌ను ఆగకుండా కాపాడుకుంటూ వచ్చారు, అదే తర్వాత అసలు నెట్‌వర్క్ అయింది. వాళ్లకూ చివరికి ఫౌండేషన్ పెట్టుకోక తప్పలేదు.

ఎందుకంటే బయటికి కనిపించని పని చాలా ఉంటుంది. ఒక విడుదలనే చూడండి. ఒకే సోర్స్ కోడ్‌ను ఒక్కొక్కరం మా మా మెషీన్ల మీద విడివిడిగా బిల్డ్ చేస్తాం, అంటే నడిపే ఫైలుగా మారుస్తాం. వచ్చిన ఫైలుకు హాష్ తీస్తాం, అది ఫైలుకు వేలిముద్ర లాంటిది, 64 అక్షరాలు. ఇక్కడ నాకు వచ్చినదీ, వేరే దేశంలో కూర్చున్నవాడికి వచ్చినదీ అక్షరం పొల్లుపోకుండా కలవాలి. కలిస్తేనే సంతకం పెడతాం. ఒక్క అక్షరం తేడా వచ్చినా, ఎవరి మెషీన్‌లో ఏం కలిసిందో తేలేదాకా విడుదల ఆగిపోతుంది. తుపాను రోజుల్లో కరెంటు పోయి, ఇన్వర్టర్ మీద బిల్డ్ సగంలో ఉన్నప్పుడు పడే టెన్షన్ అనుభవిస్తేనే తెలుస్తుంది. భద్రతా లోపం ఉందని రాత్రి రెండింటికి మెయిల్ వస్తే చూసే మనిషి కూడా ఉండాలి. అతనికీ ఇల్లు గడవాలి కదా.

అపోహ: గ్రూపులో చెప్పే "కమ్యూనిటీ టేకోవర్" టోకెన్ కూడా ఇలాంటిదే.

కాదు. వాటిలో ఎక్కువ భాగానికి సొంత చెయినే ఉండదు. వేరే చెయిన్ మీద పెట్టిన టోకెన్ మాత్రమే. సృష్టించినవాడు అమ్ముకుని పోయాక మిగిలినవాళ్లు ధర లేపడానికి పెట్టుకున్న పేరు అది. డబ్బు పెట్టే ముందు నాలుగు విషయాలు చూడండి: గత ఆరు నెలల్లో కోడ్ రాసినవాళ్లు ఎందరు, ఒకరు రాసింది ఇంకొకరు చదువుతున్నారా, టోకెన్లలో ఎక్కువ వాటా ఎవరిది, కొత్త టోకెన్లు ముద్రించే అధికారం ఇంకా ఎవరి దగ్గరైనా ఉందా. రొయ్యల పంట డబ్బు ఊరికే రాలేదు. పైగా 2022 ఏప్రిల్ 1 నుంచి మన దగ్గర క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను ఉంది. ఒకదానిలో వచ్చిన నష్టాన్ని ఇంకోదాని లాభంలో చూపించుకునే వీలు కూడా లేదు.

అపోహ: ఈ పనికి బెంగళూరో అమెరికానో పోవాలి.

అక్కర్లేదు. పిల్లలకు నేను చెప్పేది: ముందు ఒక నోడ్ నడపండి. తర్వాత ఎవరో పంపిన మార్పును తీసుకుని మీ మెషీన్‌లో పరీక్షించి, ఏం చేశారో, ఏం వచ్చిందో రాసి పెట్టండి. కొత్త ఫీచర్లు రాస్తామనేవాళ్లు ఎక్కువమందే వస్తారు. మాకు కొరతగా ఉన్నది చదివి పరీక్షించేవాళ్లే.