కోరంగి మడ అడవి, తెల్లారి సైకిల్: మనోళ్ల అపోహలు

సైకిల్ టూర్లకు మనుషుల్ని తీస్కపోయే పని నాది. కాకినాడల దిగినంక ఒకరోజు కోరంగి అభయారణ్యం చూసుడు, మర్నాడు పొద్దుగాల యానాం మీదికెళ్లి కోనసీమకు సైకిల్. నల్లగొండ, దేవరకొండ, పాలమూరు దిక్కు నుంచి వచ్చేటోళ్లందరిదీ ఒకటే మాట, "అన్నా, మేం మే నెలల 45 డిగ్రీలల్ల తిరుగుతం, ఈడ 33 మాకేం లెక్క?"

మనోళ్లను ముంచేది ఈ అపోహనే. మనది పొడి ఎండ. చెమట వచ్చింది వచ్చినట్టే ఆరుతది, ఆరుకుంట ఒంట్ల వేడిని గుంజుకపోతది. గోదావరి సముద్రంల కలిసేకాడ గాలి నిండ తేమే, చెమట ఆరదు, కారుతది. కారిపోయిన చెమటతోని ఒళ్లు సల్లబడదు, ఉప్పు, నీళ్లు మాత్రం పోతయి. మడ చెట్ల నడుమ చెక్కబాట మీద గాలి కూడ ఆడదు. నీడ ఉన్నది గదా అని జీన్సులేసుకొని, నీళ్ల సీసా బండిలనే ఇడిసిపెట్టి, బురదల మేకులు కొట్టినట్టు లేచిన ఊపిరి వేర్ల కాడ ఫోటోలు దిగుకుంట పొద్దంత తిరుగుతరు, పైకెళ్లి దాన్ని రెస్టు డే అంటరు.

మా నకిరేకల్ తమ్ముడొకడు, మంచి రైడరే, కోరంగిల రోజంత ఒక టీ, ఒక సోడా మీద ఎల్లదీసిండు. తెల్లారి యానాం–ఎదుర్లంక వారధి మీద తల తిరిగి, వాంతికొచ్చినట్టయి రెయిలింగు పట్టుకొని నిలబడ్డడు. నల్ల జెర్సీ మీద తెల్లగ ఉప్పు చారలు. పక్కోడేమో "తాగు, తాగు" అని ఉత్త నీళ్ల సీసా నోట్లె కుక్కుతుండు. గట్ల ఉత్త నీళ్లే మీద మీద తాగితే రక్తంల సోడియం పల్చబడుతది, అది ఇంకో ప్రమాదం. ఓఆర్ఎస్ ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లల్ల కలిపి మెల్లగ తాగాలె. కొబ్బరిబోండం చాలదా అంటరు. పొటాషియం మస్తుగుంటది గని చెమటల ఎక్కువ పోయేది సోడియం, అది దాంట్ల తక్కువ.

"చెమట పడుతుంది గదా, వడదెబ్బ కాదులే" అనే మాట ఎవడు పుట్టిచ్చిండో గని, కష్టపడి తొక్కేటోళ్లకు చెమట కారుతుండంగనే వడదెబ్బ తాకుతది. మాట తడబడ్డా, అడ్డం పొడుగు మాట్లాడినా, తూలినా నీడకు తీస్కపోయి, ఒంటి మీద నీళ్లు గుమ్మరిచ్చి గాలి విసురుకుంట 108కి ఫోన్ కొట్టాలె. స్పృహ సరిగ లేనోని నోట్లె ఏమీ పోయొద్దు.

ఒకరోజు ముందు వస్తే ఒళ్లు అలవాటైతదనుకునుడు కూడ ఉత్తదే, వారం నుంచి రెండు వారాలు పడుతది. అందుకే కోరంగికి పొద్దుగాలే పోయి, ఎండ ముదరకముందే బయటపడుడు మంచిది.

బీపీ గోళీలు ఏసుకునేటోళ్లు భయపడుకుంట రాత్రిళ్లు మెసేజీలు పెడ్తరు. మీ భయం ఉత్త భయం కాదు, కొన్ని బీపీ మందులతోని ఒంట్ల నీళ్లు తగ్గుతయి, ఓఆర్ఎస్‌ల ఉప్పు కూడ ఉంటది, మీ డాక్టర్ని ఒకమాట అడిగి రాండ్రి. నాకు మీతోని తంటా లేదు, 45 డిగ్రీలోళ్లతోనే.

ఇంక పులులుంటయా అంటే లేవు, అవి సుందర్బన్స్‌ల. ఈడ బావురుపిల్లి ఉంటది, ఎక్కువ రాత్రిపూటే తిరుగుతది, కనబడకపోతే గైడు మీద ఎగరొద్దు. నీటికుక్కలు కనబడితే అదృష్టం. ఎక్కడ తీసిండ్రో తెల్వని మొసలి వీడియోలు గ్రూపుల తిప్పకుండ్రి. తాబేళ్లు చూపియ్యమని గుంజులాడేటోళ్లకు, ఆలివ్ రిడ్లేలు గుడ్లు పెట్టేది సముద్రం ఒడ్డు ఇసుకల, అదీ ఎక్కువ రాత్రిపూట, మనం పగటిపూట తిరిగే చెక్కబాట పక్క బురదల కాదు.