పేరు రాసుకుంటే తప్పు చేసినట్టు కాదు

చిట్టికీ, బాబుకీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో బాబు అడిగిన మాట నా చెవిలోనే ఉండిపోయింది. "తాతయ్యా, నాకు డెంగ్యూ అని తెలిసిన మర్నాడే ఆశా అక్కా, ఇంకో ఇద్దరూ మా ఇంటికొచ్చి నా పేరు, వయసు, వీధి అన్నీ పుస్తకంలో రాసుకున్నారు. పక్కింటి వాళ్లంతా గుమ్మాల్లో నిలబడి చూశారు. నేనేం తప్పు చేశాను?" అన్నాడు. అమ్మ ఫోన్ తీసుకుని "ఏం లేదు నాన్నా, వీడిది ఊరికే టెన్షన్" అంది. ఊరికే కాదు, అడగాల్సిన మాటే అడిగాడు. ఫోన్‌లో చెబితే సగం గాలికి పోతుందని ఉత్తరం రాస్తున్నాను.

మన ఊరి చెరువు కట్ట మీకు గుర్తుంది కదా, దసరా సెలవుల్లో దానిమీదే సైకిలు తొక్కారు. నా చిన్నప్పుడు ఆ చెరువుకు ఒక నీరుగంటి ఉండేవాడు. తూము తియ్యడం, మూయడం, ఏ మడికి ఎన్ని నీళ్లు పోవాలో చూడడం ఆయన పని. చెరువు నిండిన రోజుల్లో ఇంకో పని పడేది. రాత్రిపూట లాంతరు పట్టుకుని కట్టకు బయటి వైపు, కింద కింద నడిచేవాడు. ఎండ్రకాయ బొక్కలోంచో, ఎలుక బొక్కలోంచో నీళ్లు ఊరుతున్నాయేమో అని వెతికేవాడు. ఊట కనిపిస్తే లాంతరు కింద పెట్టి, దోసిట్లో పట్టి చూసేవాడు. "తేటగా వస్తే పర్లేదురా అబ్బోడా. బురదగా వచ్చిందంటే లోపల మన్ను కరుగుతోందని లెక్క" అని ఒకసారి నాకూ చూపించాడు. బురద కనిపిస్తే ఒక్కడే పూడుద్దామని కూర్చునేవాడు కాదు. ఊళ్లోకి పరిగెత్తి కేకేసేవాడు. ఇంటికొక మనిషి పారా గంపా పట్టుకుని రావాల్సిందే. ఆ బొక్క ఎవరి పొలం పక్కన పడిందో ఆ రైతును ఎవరూ తిట్టేవాళ్లు కాదు. కానీ 'నలుగురికీ తెలిస్తే పరువు పోతుంది' అని ఆ రైతే దానిమీద గడ్డి కప్పి ఊరుకుంటే, తెల్లారేసరికి గండి పడి ఊరంతా మునిగేది.

బాబూ, నీ జ్వరం ఆ ఊట. ఆశా అక్క ఆ నీరుగంటి. ఆమె పుస్తకంలో రాసుకున్నది నీ తప్పు కాదు, ఊట ఎక్కడ కనిపించిందో ఆ జాగా.

ఎందుకంత తొందర అంటావేమో. నీకు జ్వరం ఉన్న నాలుగైదు రోజులు ఆ వైరస్ నీ రక్తంలో తిరుగుతుంటుంది. అప్పుడు నిన్ను కుట్టిన దోమ వెంటనే ఇంకొకరికి దాన్ని అంటించలేదు. దాని ఒంట్లో వైరస్ పెరగడానికి 8 నుంచి 12 రోజులు పడుతుంది. పైగా అది దూరం పోయే దోమ కాదు, పుట్టిన ఇంటి చుట్టుపక్కలే పగటిపూట తిరుగుతూ కుడుతుంది. అంటే మనకు ఒక వారం గడువూ, ఒక వీధి మేర జాగా దొరికాయన్నమాట. ఆ వారంలోనే పారలూ గంపలూ రావాలి. అందుకే వాళ్లు ఇంటింటికీ వెళ్లి డ్రమ్ములు, కూలర్లు చూశారు, ఇంకెవరికైనా జ్వరం ఉందా అని అడిగారు. 2016 నుంచి మన దేశంలో డెంగ్యూ ప్రభుత్వానికి తప్పకుండా చెప్పాల్సిన జబ్బు, టీబీ అయితే 2012 నుంచే. ప్రైవేటు డాక్టరు చూసినా చెప్పాల్సిందే. సహజంగా వ్యాపించే పోలియో వైరస్ మన దేశంలో ఎవరికైనా చివరిసారి సోకింది 2011 జనవరిలో. అయినా 15 ఏళ్ల లోపు పిల్లలకు ఎవరికైనా ఉన్నట్టుండి కాలో చెయ్యో చచ్చుబడితే ఈ రోజుకీ కబురు వెళ్లాల్సిందే, పరీక్ష చెయ్యాల్సిందే.

తేట నీళ్లు, బురద నీళ్లు అన్నాను చూశారా, అది కూడా ఇక్కడ పనికొస్తుంది. డెంగ్యూలో జ్వరం, ఒళ్లునొప్పులు, కళ్ల వెనక నొప్పి తేట ఊట లాంటివి. చాలామందికి నీళ్లు, మజ్జిగ, కొబ్బరినీళ్లు తాగుతూ, పారాసిటమాల్ వేసుకుని పడుకుంటే తగ్గిపోతుంది. నొప్పులని ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ లాంటి మాత్రలు మాత్రం వెయ్యకూడదు, రక్తస్రావం ఎక్కువవుతుంది. ఇక బురద ఎప్పుడొస్తుందో తెలుసా? జ్వరం తగ్గాక. అందరూ 'హమ్మయ్య' అనుకునే ఆ ఒకటి రెండు రోజుల్లోనే. కడుపులో విపరీతమైన నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్లలోంచో ముక్కులోంచో రక్తం, పిల్లవాడు మత్తుగా పడి ఉండడం, వీటిలో ఏది కనిపించినా అర్ధరాత్రయినా ఆస్పత్రికి పరిగెత్తాలి. మీ అమ్మ రోజంతా ప్లేట్‌లెట్ల లెక్కే పట్టుకుని కూర్చుంది. మిమ్మల్ని చూసిన డాక్టరమ్మ మాత్రం "బాబు ఒంటేలుకు ఎన్నిసార్లు వెళ్లాడు?" అని అడిగిందట. ఒంట్లో నీళ్లు సరిపోతున్నాయో లేదో చెప్పేది అదే. ఆమె మీద నాకు గౌరవం పెరిగింది.

నేనూ ఒకసారి కబురు చెప్పినవాణ్ణే. 1975 చివర్లో, ఆరో తరగతిలో ఉన్నాను. ఒకాయన సైకిలు మీద బడికొచ్చి ఒక కార్డు చూపించాడు. దానిమీద మశూచి వచ్చిన పసిబిడ్డ ఫొటో, మొహమంతా పొక్కులే. "ఇలాంటి వాళ్లను ఎక్కడైనా చూశారా?" అని అడిగాడు. చూపించినవాళ్లకు వెయ్యి రూపాయలు అప్పట్లో. నేను చెయ్యెత్తాను. మా వీధి చివరింట్లో గడపకు వేపమండలు కట్టి ఉన్నాయి, పాపకు అమ్మవారు పోసిందన్నారు. ఆలోచించి చూడండి, ఆ వేపమండలు కూడా కబురే. 'ఇక్కడ జబ్బు ఉంది, లోపలికి రాకండి' అని ఊరు తనకు తాను చెప్పుకున్న మాట.

ఆయన నా వెంటే వచ్చాడు. పాప తల్లి నన్ను చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు. ఆయన కింద కూర్చుని పాప అరచేతులు తెరిచి చూశాడు. తర్వాత అరికాళ్లు. ఆ తర్వాత చొక్కా ఎత్తి పొట్టా వీపూ. "మశూచి అయితే మొహం, కాళ్లూ చేతుల మీదే ఎక్కువ ఉంటుంది, అరచేతుల్లో కూడా పోస్తుంది, పొక్కులన్నీ ఒకే ఈడువి. ఈ పాపకు వీపు మీద ఎక్కువ, కొన్ని కొత్తవి, కొన్ని మాడినవి. ఇది ఆటలమ్మ తల్లీ, భయపడకు" అన్నాడు. వెళ్తూ వెళ్తూ నా భుజం తట్టి, మళ్లీ కనిపిస్తే మళ్లీ చెప్పు అన్నాడు.

ఆ ఏడు మే నెలలోనే దేశంలో చివరి మశూచి కేసు అస్సాంలో నమోదైందని నాకు పెద్దయ్యాక తెలిసింది. ఆయన మా బడికొచ్చేసరికే అది మన దేశంలో లేదు! అయినా వెతికారు. వెతక్కపోతే లేదని ఎలా తెలుస్తుంది? ఊరూరా వెతికి, కనిపించినదాన్నల్లా అరచేయి తెరిచి చూసి, అప్పుడు 'లేదు' అన్నారు. 1980 మేలో ప్రపంచమంతటికీ అదే మాట చెప్పారు. నా భుజం మీది మశూచి టీకా మచ్చ మీకు చూపించాను కదా, అది మీకెవరికీ లేదు. ఆ మచ్చ తడుముకున్నప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఇప్పుడు మీకొక పని. ఈ శుక్రవారం డ్రై డే కదా, ఇంట్లో నిలవున్న నీళ్లన్నీ ఖాళీ చేసే రోజు, ఆ నీళ్లు పారబోసే ముందు ఒక టార్చి తీసుకోండి. ఫ్రిజ్ వెనక ట్రే, కూలర్ అడుగు, పూలకుండీ కింది పళ్లెం చూడండి. నీళ్లలో సన్నని నలకలు మెలికలు తిరుగుతుంటాయి. టార్చికి చెయ్యి అడ్డంపెట్టి నీడ పడేలా చెయ్యండి, చటుక్కున అడుగుకు పోతాయి. కదలకుండా ఉండండి, గాలి కోసం మళ్లీ పైకొస్తాయి. చూశాక నీళ్లు ఎండిన మట్టిలో పారబోసి, పళ్లెం లోపలి అంచును కొబ్బరి పీచుతో గట్టిగా రుద్దాలి. గుడ్లు ఆ అంచుకే అంటుకుని నీళ్లు లేకపోయినా నెలల తరబడి బతికుంటాయి. డెంగ్యూ దోమ పిల్లలైతే తల కిందకు పెట్టి వేలాడతాయి, మలేరియా దోమవి నీళ్ల పైన అడ్డంగా పడుకుంటాయి. మీ ఇంట్లోవి ఎలా ఉన్నాయో చూసి నాకు రాయండి. పక్కింటి వాళ్ల కూలర్ కూడా అడిగి చూడండి.

మీ తాతయ్య