మెదడు ముఖాలను ఎలా గుర్తుపడుతుంది: అపోహలు - వాస్తవాలు

మనుషులకు ముఖాల ఫోటోలు చూపిస్తూ వాళ్ల మెదడు స్కాన్ తీయడం నా పని. ఈ రంగంలో ఎవరు పని మొదలుపెట్టినా ముందు చదివేది 1997లో నాన్సీ కాన్విషర్, జాష్ మెక్‌డెర్మట్, మార్విన్ చున్ రాసిన పేపర్. మెదడులో ముఖాలకు ప్రత్యేకంగా స్పందించే ఫ్యూసిఫార్మ్ ఫేస్ ఏరియా అనే చిన్న ప్రాంతం గురించి చెప్పింది అదే. ఎంత పేరొచ్చిందో, దాని చుట్టూ అపోహలూ అంతే పెరిగాయి.

అపోహ: స్కాన్‌లో ఎర్రగా కనిపించేవి పనిచేస్తున్న న్యూరాన్లు, మిగతా మెదడంతా ఖాళీగా ఉన్నట్టు.

వాస్తవం: మేం వాడే స్కాన్ ఎఫ్‌ఎంఆర్‌ఐ. అది కొలిచేది మెదడు రక్తంలో ఆక్సిజన్ మార్పుని. అదీ ఐదారు సెకన్లు ఆలస్యంగా అందుతుంది. రంగులు మేం వేసేవే. ముఖాలు చూసినప్పటి సిగ్నల్‌ను, వస్తువులు చూసినప్పటి సిగ్నల్‌తో పోల్చి, తేడా ఒక హద్దు దాటిన చోట రంగు వేస్తాం.

అపోహ: ముఖం చూపించారు, ఒకచోట వెలిగింది, పేపర్ రాసేశారు.

వాస్తవం: ఈ మాట వింటే నాకు నిజంగా బాధేస్తుంది. ముఖం చూసినప్పుడు స్పందన పెరగడానికి సవాలక్ష కారణాలుండొచ్చు: జుట్టు అంచు, గుండ్రటి ఆకారం, మనిషికి సంబంధించినదేదైనా సరే అన్న ఆసక్తి. కాన్విషర్ బృందం ఒక్కొక్క అనుమానాన్నీ తీర్చుకుంటూ వచ్చింది. ముక్కలు చేసి కలగలిపిన ముఖాలు చూపించారు, ఇళ్లు చూపించారు. ఆఖరికి జుట్టు కనబడకుండా నల్ల ఊలు టోపీ పెట్టి, కాస్త పక్కకు తిరిగిన ముఖాలు ఒకవైపు, చేతుల ఫోటోలు ఇంకోవైపు పెట్టారు. ఒకే ఫోటో వెంటవెంటనే రెండుసార్లు వస్తే బటన్ నొక్కాలి. దేన్ని చూస్తున్నా ధ్యాస తగ్గకూడదని ఆ ఏర్పాటు. అప్పుడు కూడా ముఖాలకే స్పందన ఎక్కువ.

15 మందిలో 12 మందికి ఆ ప్రాంతం స్పష్టంగా కనిపించింది. అది అందరిలోనూ సరిగ్గా ఒకేచోట ఉండదు. అందుకే అందరి మెదళ్లనూ కలిపి సగటు తీయకుండా, ముందు ఎవరిది వాళ్లలో వెతికి పట్టుకుని, తర్వాత కొత్త డేటాతో పరీక్షించారు. ఆ పేపర్ మాకిచ్చిన అసలు ఆస్తి ఈ పద్ధతే అని నా నమ్మకం. ఇవాళ భాష మీద పనిచేసే ల్యాబులు కూడా ఇదే వాడుతున్నాయి.

అపోహ: మెదడులో ప్రతి వస్తువుకూ ఒక అర ఉంటుంది.

వాస్తవం: 2006లో కాన్విషర్ బృందం 19 రకాల వస్తువులు, వాటితోపాటు దృశ్యాలు చూపించి వెతికింది. ముఖాలకు, శరీరాలకు, ప్రదేశాలకు స్పందించే, అప్పటికే తెలిసిన ప్రాంతాలు మళ్లీ కనిపించాయి. కొత్తవి దొరకలేదు.

అపోహ: వెలిగిందంటే ఆ పని చేసేది అదే.

వాస్తవం: స్కాన్ ఒక్కటే చూసి అలా చెప్పలేం. 2012లో స్టాన్‌ఫర్డ్‌లో మూర్ఛవ్యాధి చికిత్స కోసం మెదడుపై ఎలక్ట్రోడ్లు పెట్టిన ఒక పేషెంటుకు సరిగ్గా ఈ ప్రాంతంలో కొద్దిగా కరెంటు పంపారు. ఎదురుగా ఉన్న డాక్టర్ ముఖం అతనికి వేరే ఎవరిదోలా మారిపోయి కనిపించింది. నమ్మకం కుదిరేది ఇలాంటి సాక్ష్యంతో.

అపోహ: ముఖాల ప్రాంతం పుట్టుకతో వచ్చేదే.

వాస్తవం: ఇంకా తేలలేదు. పుట్టినప్పటి నుంచి ముఖాలు చూడకుండా పెరిగిన కోతుల్లో ముఖాల ప్రాంతాలు ఏర్పడలేదని 2017లో హార్వర్డ్ బృందం చూపించింది. 2020లో కాన్విషర్ ల్యాబులోని అపూర్వ రతన్ మూర్తి బృందం, పుట్టు అంధులు త్రీడీ ప్రింట్ చేసిన ముఖాలను చేత్తో తడిమినప్పుడు దాదాపు అదే చోట స్పందన వస్తోందని చూపించింది. రెండూ జాగ్రత్తగా చేసిన పనులే. ఈ రెండింటినీ కలిపి వివరించగల సిద్ధాంతం కావాలి.

అపోహ: ఆ 1997 పేపర్‌ను వేలమంది ఉటంకించారంటే అందరూ ఒప్పుకున్నట్టే.

వాస్తవం: ఉటంకించినవాళ్లలో గట్టిగా విభేదించినవాళ్లూ ఉన్నారు. ఆ ప్రాంతం ముఖాల కోసం కాదు, బాగా ఎరిగినవాటిని పోల్చుకునే నైపుణ్యం కోసమని పరిశోధకురాలు ఇజబెల్ గోతియే వాదించారు. పక్షులను, కార్లను బాగా ఎరిగినవాళ్లలో అక్కడ స్పందన పెరిగిందని 2000లో చూపించారు. ముఖాల సమాచారం ఒక్కచోటే లేదని 2001లో జేమ్స్ హాక్స్‌బీ చూపించారు. మరోవైపు డోరిస్ త్సావ్, విన్రిక్ ఫ్రైవాల్డ్ కోతుల్లో నేరుగా న్యూరాన్లను కొలిచారు. ఒక ప్రాంతంలో దృశ్యాలకు స్పందించే కణాల్లో 97 శాతం ముఖాలకే మొగ్గు చూపాయి. 2024లో ఈ ఇద్దరికీ, కాన్విషర్‌కూ కలిపి న్యూరోసైన్స్‌లో పెద్ద పురస్కారమైన కావ్లీ బహుమతి ఇచ్చారు.

అపోహ: ముఖం చూసి గుర్తుపట్టనివాళ్లకు పొగరు.

వాస్తవం: ప్రోసోపగ్నోసియా, అంటే ముఖాలను గుర్తుపట్టలేని సమస్య, ఉన్నవాళ్లకు చూపు బాగానే ఉంటుంది, తెలివీ బాగానే ఉంటుంది. గొంతు, నడక, జుట్టు పట్టి మనుషుల్ని పోల్చుకుంటారు. మీవాళ్లలో అలాంటివాళ్లుంటే, ఎదురుపడగానే మీ పేరు మీరే చెప్పండి.