మంచు కనుమలు దాటాలనుకునే విశాఖ వాళ్లకు: అపోహలు - వాస్తవాలు

ఎండలు ముదరగానే నాకు ఫోన్లు మొదలవుతాయి. విశాఖ నుంచి చిన్న బృందాల్ని హిమాలయాలకి నడిపించుకు వెళ్లడం నా పని. బీచ్ రోడ్డులో రోజూ నడిచేవాళ్లు, స్టీల్‌ప్లాంట్ ఉద్యోగులు, పిల్లలు కాలేజీలో చేరాక కాస్త తీరిక దొరికిన అమ్మలు వస్తారు. అందరికీ ఒకటే టెన్షన్, మంచులో పాస్ దాటే రోజు గురించి. మనం కనుమ అనేదాన్నే అక్కడ పాస్ అంటారు. ఆ రోజు ఎనిమిది నుంచి పది గంటల నడక ఉంటుంది. దాని గురించి మనలో తిరిగే మాటల్లో కొన్ని ప్రాణం మీదికి తెచ్చేవి ఉన్నాయి, అందుకే రాస్తున్నాను.

అపోహ: సముద్రం ఒడ్డున పుట్టినవాళ్లం, ఆ చలికి ఆగలేం.

లంబసింగి వెళ్లి వణికి వచ్చినవాళ్లు ఈ మాట ఎక్కువ అంటారు. అక్కడ మీరు కదలకుండా నిలబడ్డారు, అందుకే అంత వణుకు. పాస్ ఎక్కుతున్నప్పుడు ఒళ్లు పొయ్యిలా కాగుతుంది. నేను భయపడేది చెమటకి. జగదాంబ దగ్గర కొన్న లావు జాకెట్ తొడుక్కుని బయలుదేరితే అరగంటలో లోపలంతా తడి. గాలికంటే నీరు ఒంటి వేడిని దాదాపు పాతిక రెట్లు త్వరగా లాగేస్తుంది. ఆ తడి బట్టలతో పైకి చేరాక గాలి తగులుతుంది. మైనస్ 10 డిగ్రీల చలికి గంటకి 30 కిలోమీటర్ల గాలి తోడైతే ఒంటికి మైనస్ 20 లాగే ఉంటుంది. అందుకే కాటన్ బనియన్లు, జీన్స్ వద్దంటాను. చెమటని బయటికి వదిలే పల్చటి సింథటిక్ చొక్కా, దాని మీద ఫ్లీస్ అనే మెత్తటి వెచ్చని స్వెటర్, పైన గాలి ఆపే జాకెట్ చాలు. బయలుదేరేటప్పుడు కాస్త చలేస్తూనే ఉండాలి. ఆగిన వెంటనే జాకెట్ తొడుక్కోవాలి.

2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణది నిజామాబాద్ జిల్లా పాకాల. అప్పటికి ఆ అమ్మాయికి పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. భువనగిరి కోట బండ మీద మొదలుపెట్టి డార్జిలింగ్, లడఖ్ వెళ్లి నేర్చుకుంది. చలిలో మెలగడం నేర్చుకోగలిగే విద్యే.

అపోహ: బాగా ఫిట్‌గా ఉంటే ఎత్తు ఏమీ చేయదు.

ఒకాయన నాతో అన్నారు, "నాకేం కాదు మాస్టారూ, ఏటా సింహాచలం గిరి ప్రదక్షిణ చేస్తాను." ముప్పై రెండు కిలోమీటర్లు రాత్రంతా నడవడం చిన్న విషయం కాదు. ఆ కాళ్ల మీద నాకు పూర్తి నమ్మకం ఉంది. కానీ ఎత్తు కాళ్లని చూడదు. హిమాచల్‌లో కులూ వైపు నుంచి లాహౌల్‌లోకి దాటే హంప్టా పాస్ సుమారు 4,270 మీటర్లు. గాలిలో ఆక్సిజన్ శాతం అక్కడా 21 దగ్గరే ఉంటుంది. గాలి ఒత్తిడి మాత్రం మన బీచ్‌లో ఉన్నదానిలో దాదాపు అరవై శాతమే, కాబట్టి ఒక్కో ఊపిరికి అందేది ఆ మేరకు తగ్గిపోతుంది. దానికి ఒళ్లు సర్దుకోవాలంటే రోజులు పట్టాల్సిందే. ఫిట్‌గా ఉన్నవాళ్లకి ఇంకో ప్రమాదం, వాళ్లు వేగంగా ఎక్కేయగలరు.

3,000 మీటర్లు దాటాక, పడుకునే చోటు ఎత్తు రోజుకి 500 మీటర్లకి మించి పెరగకూడదు. మూడు నాలుగు రోజులకోసారి విశ్రాంతి ఉండాలి. తలనొప్పితో పాటు వికారం గానీ, అన్నం సయించకపోవడం గానీ ఉంటే ఇంకా పైకి వెళ్లొద్దు. ఒక కాలి మడమకి రెండో కాలి వేలు ఆనించి గీత మీద నడిచినట్టు నడవమంటే తూలిపోతున్నా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా వెంటనే కిందికి దించేయాలి. అర్ధరాత్రయినా సరే. దయచేసి ఆ సంగతి నాకు దాచకండి. వెనక్కి పంపేస్తానేమోనని దాచినవాళ్ల వల్లే నాకు నిద్ర ఉండదు.

అపోహ: కర్పూరం వాసన చూస్తే ఊపిరి అందుతుంది.

ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరి జేబులో ముద్ద కర్పూరం ఉంటుంది. ముక్కులో చల్లగా తగిలి గాలి బాగా ఆడుతున్నట్టు అనిపిస్తుంది, అంతే. రక్తంలో ఆక్సిజన్ పెరగదు. ఎత్తుకి ఒళ్లు సర్దుకోవడానికి వేసుకునే డయామాక్స్ మాత్ర సంగతి వేరు, అది పనిచేస్తుంది, కానీ బయలుదేరే ముందు డాక్టరుని అడిగి తీసుకోవాలి. బ్రాందీ వేడి చేస్తుందన్నది కూడా తప్పే. చర్మంలోని రక్తనాళాలు విచ్చుకుని పైకి వెచ్చగా అనిపిస్తుంది, లోపలి వేడి మాత్రం బయటికి పోతుంది.

అపోహ: చలిలో ఎండ ఏం చేస్తుంది?

కొత్త మంచు అతినీలలోహిత కిరణాల్లో ఎనభై శాతం దాకా వెనక్కి కొడుతుంది. ముక్కు కింద, గడ్డం కింద కూడా కాలుతుంది. కళ్లద్దాలు లేకుండా నడిస్తే అప్పటికి ఏమీ తెలియదు. రాత్రికి కళ్లలో ఇసుక పోసినట్టు మంట, నీళ్లు.

అపోహ: పాస్ ఎక్కేశామంటే అయిపోయినట్టే.

ఈ పని మొదలుపెట్టిన కొత్తలో ఒక బృందాన్ని నాలుగింటికి బయలుదేరదీయాల్సింది, టిఫిన్లు, ఫొటోలు అంటే సరేనని ఆరున్నర చేశాను. పాస్ మీదికి చేరేసరికి మధ్యాహ్నం ఒంటిగంట, మబ్బు దిగిపోయింది. తెల్లవారుజామున మంచు మీద గట్టి పెచ్చు ఉంటుంది, బూటుకి స్పైక్స్ తగిలించుకుంటే చకచకా నడవొచ్చు. ఎండెక్కాక అది మెత్తబడి తొడల దాకా దిగబడుతుంది. అలా దిగబడటం వల్లే మా బృందంలో ఒకావిడ మోకాలు మెలిపడింది. మూడు గంటల్లో దిగాల్సింది ఆరు గంటలు పట్టింది. పొద్దున మోకాలి లోతు ఉండే వాగు సాయంత్రానికి కరిగిన మంచునీళ్లతో నడుం దాకా వచ్చింది. తాడు పట్టుకుని ఒక్కొక్కరినీ దాటించాం. తప్పు పూర్తిగా నాది, ఆవిడకి క్షమాపణ చెప్పుకున్నాను. అప్పట్నుంచి ముందు రాత్రే ఒక టైం చెప్తాను. ఆ టైంకి పాస్ మీద లేకపోతే, వంద అడుగుల దూరంలో ఉన్నా వెనక్కి తిరుగుతాం.

దిగడానికి వేరే సాధన కావాలి. తొడ కండరాలు బరువుని ఆపుతూ సాగే పని అది, బీచ్ రోడ్డు నడకలో రాదు. అందుకే ఆదివారాలు సింహాచలం మెట్ల దారికి రమ్మంటాను. బ్యాగులో నాలుగు లీటర్ల నీళ్లు పెట్టుకుని ఎక్కండి, అప్పన్న దర్శనం చేసుకోండి, అదే బరువుతో మెట్ల మీంచే నెమ్మదిగా దిగండి. పైనుంచి బస్సు ఉంది కదా అని కొందరు అడుగుతారు. ఎక్కేటప్పుడు బస్సులో వెళ్లినా పర్వాలేదు, దిగడం మాత్రం మెట్ల మీదే.