ప్రోగ్రామ్ మనిషిని అడగాల్సి వచ్చినప్పుడు

ఆన్‌లైన్‌లో ఒక రుణ దరఖాస్తు వచ్చిందనుకోండి. గుర్తింపు పత్రాలను ఒక వెబ్ సర్వీసు (నెట్ ద్వారా ఇతర ప్రోగ్రాములు పిలిచి పని చేయించుకునే ప్రోగ్రామ్) సరిచూస్తుంది. పాత అప్పుల వివరాలు ఇంకొకటి తెస్తుంది. వడ్డీ లెక్క మూడోది కడుతుంది. అంతా కలిపి కొన్ని సెకన్ల పని. కానీ ఏ నియమానికీ అందని దరఖాస్తులూ ఉంటాయి: ఆదాయం బాగానే ఉంది, మధ్యలో ఒక ఏడాది మాత్రం ఖాళీ. దాన్ని అనుభవమున్న అధికారి చూడాలి. ఆయన జవాబు రేపు రావచ్చు, ఎల్లుండి రావచ్చు. ‘ఇది నాకంటే ఆవిడకు బాగా తెలుసు’ అని పక్క టేబుల్‌కు పంపవచ్చు. ‘ఈ కాగితాలు చూసి నేనేమీ చెప్పలేను’ అని తేల్చేయవచ్చు. తక్షణ జవాబుకు అలవాటుపడ్డ వ్యవస్థలో ఇలాంటి మనిషికి చోటు ఎక్కడ?

మొదట్లో ఆ చోటే అక్కర్లేదనుకున్నారు. స్టాన్‌ఫర్డ్‌లో 1965లో మొదలైన డెండ్రాల్, 1970లలో వచ్చిన మైసిన్ అనే ప్రోగ్రాములు ఆ ఆలోచనలోంచే పుట్టాయి. నిపుణుడిని కూర్చోబెట్టి, తెలిసిందంతా చెప్పించి, ‘ఇలా ఉంటే అలా చెయ్యి’ అనే నియమాలుగా రాసుకుంటే చాలు, ఆ తర్వాత ఆయనతో పని లేదు. రక్తంలో చేరిన బ్యాక్టీరియాకు ఏ యాంటీబయాటిక్ ఇవ్వాలో మైసిన్ కొన్ని వందల నియమాలతో బాగానే చెప్పగలిగింది. చిక్కంతా ఆ నియమాలను రాబట్టడంలోనే వచ్చింది. ఏళ్ల తరబడి చేతికి అలవడిన పనిని మాటల్లో పెట్టమంటే నిపుణుడు తడబడతాడు. నిపుణ వ్యవస్థలు అనే ఈ రంగానికి ఆద్యుల్లో ఒకరైన ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్ దాన్నే పెద్ద అడ్డంకిగా గుర్తించారు.

వెబ్ సర్వీసులు 2000 ప్రాంతంలో సోప్, డబ్ల్యూఎస్‌డీఎల్ లాంటి ప్రమాణాలతో వచ్చాయి. వాటిని వరుసలో కూర్చే భాష బీపెల్ 2002లో వచ్చింది, 2007 ఏప్రిల్‌లో, ఇలాంటి ప్రమాణాలు రూపొందించే ఒయాసిస్ సంస్థ ప్రమాణంగా స్థిరపడింది. సర్వీసును పిలవడం, జవాబు కోసం ఆగడం, తప్పు జరిగితే వెనక్కి రావడం, అన్నిటికీ అందులో పదాలున్నాయి. మనిషికి లేదు. ఆఫీసు పనుల్లో ప్రతి మూడో అడుగులోనూ మనిషి ఉంటాడని తెలిసినవాళ్లే ఆ భాషను రాశారు. అయినా ఆయన వాళ్ల పటంలోకి రాలేదు.

ఆ లోటును ఐబీఎం, శాప్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీలు 2005లో ఒక పత్రంలో ఎత్తిచూపాయి. 2007 జూన్‌లో ఇంకో నాలుగు కంపెనీలతో కలిసి బీపెల్‌ఫర్‌పీపుల్, డబ్ల్యూఎస్-హ్యూమన్‌టాస్క్ అనే రెండు ముసాయిదాలు ప్రచురించాయి. ఈ రెండోదాన్ని ఓపిగ్గా చదివినవాళ్లు తక్కువ. నా మటుకు నాకు ఈ చరిత్ర మొత్తంలో మనిషిని మనిషిగా చూసిన పత్రం అదే. అందులో పని నేరుగా ఒకరి నెత్తిన పడదు. ముందు ‘ఎవరు చేయగలరు’ అన్న జాబితా ఉంటుంది. వాళ్లలో ఒకరు ముందుకొచ్చి పనిని తన పేర రాసుకుంటారు. తర్వాత కుదరకపోతే వదిలేయవచ్చు, మరొకరికి అప్పగించవచ్చు, కొంతకాలం ఆపవచ్చు. గడువు దాటితే పైవాళ్లకు కబురు వెళ్తుంది. ‘ఈ పని వీళ్లు చేయకూడదు’ అన్న జాబితా కూడా ఉంది. ఖర్చును ప్రతిపాదించినవాడే దాన్ని ఆమోదించకుండా ఉండటానికి అది పనికొస్తుంది. నాకు ముఖ్యంగా తోచేది ఇంకొకటి: పని చేపట్టిన మనిషి ‘ఇది విఫలమైంది’ అని ప్రకటించి, ఆ వైఫల్యం వివరాలను వ్యవస్థకు తిరిగి పంపవచ్చు. ‘చెప్పలేను’ అన్నది కూడా ఒక చెల్లుబాటయ్యే జవాబే.

ఆ ప్రమాణం పెద్ద కంపెనీల సాఫ్ట్‌వేర్ దాటి పెద్దగా బయటికి రాలేదు. వెబ్ అప్పటికే వేరే దారి పట్టింది.

అమెజాన్ 2005 నవంబర్‌లో మెకానికల్ టర్క్‌ను తెరిచింది. 1770లో వోల్ఫ్‌గాంగ్ ఫాన్ కెంపెలెన్ వియన్నా రాజసభలో ప్రదర్శించిన చదరంగం యంత్రం పేరది. దాని పెట్టెలో ఒక ఆటగాడు దాక్కుని ఎత్తులు వేసేవాడు. కొత్త టర్క్‌లో ప్రోగ్రామర్ ఒక ఫంక్షన్‌ను పిలిచినట్టే పనిని పంపవచ్చు, తెర వెనక ఎవరో చేసిపెడతారు. ఆ ఎవరో ప్రోగ్రామ్‌కు ఒక గుర్తింపు సంఖ్య, ఎంత శాతం పని ఆమోదం పొందిందన్న లెక్క, అంతే. పని నచ్చకపోతే డబ్బివ్వకుండా తిరస్కరించే హక్కు ఇచ్చినవారిది. చేసేవారు పనిని వెనక్కి ఇవ్వగలరు కానీ, ఎందుకు ఇస్తున్నారో వినేవారు లేరు. ఆ లోటు తీర్చడానికే 2008లో టర్క్‌ఆప్టికన్ అనే సైట్ పుట్టింది. పని ఇచ్చేవాళ్లు ఎలాంటివాళ్లో పనిచేసేవాళ్లు అక్కడ ఒకరికొకరు చెప్పుకున్నారు.

నైపుణ్యం లేని చోటును ఓట్లతో పూడ్చడం టర్క్‌లో మామూలైంది. కంప్యూటర్లకు బొమ్మలు గుర్తుపట్టడం నేర్పే ఫొటోల భండారం ఇమేజ్‌నెట్. టర్క్ ద్వారా దాని ఫొటోలకు పేర్లు పెట్టే పనిలో 167 దేశాల నుంచి దాదాపు 50 వేల మంది పాల్గొన్నారు. 2009లో దాని నిర్మాతలు రాసిన వ్యాసంలో ఒక చిన్న ఉదాహరణ ఉంది. ఫొటోలో ఉన్నది పిల్లి అని తేల్చడానికి కొద్ది మంది ఒప్పుకుంటే చాలు. అది బర్మీస్ పిల్లి అని తేల్చడానికి ఇంకా చాలా ఓట్లు కావాలి. పిల్లుల జాతులు తెలిసిన ఒక్కరిని వెతకడానికి బదులు తెలియనివాళ్లను ఎక్కువ మందిని అడిగారు. ఫొటోల విషయంలో ఇది పనిచేసింది, ఆధునిక కృత్రిమ మేధకు పునాది కూడా అయింది. కానీ మొదట చెప్పిన రుణ దరఖాస్తుకు ఓట్లు వేయించలేం.

ఆ తెలిసిన ఒక్కరిని వెతికే ప్రయత్నం 2008లో జరిగింది, అదీ కెంపెలెన్ యంత్రం తొలిసారి ఆడిన వియన్నాలోనే. అక్కడి సాంకేతిక విశ్వవిద్యాలయంలో డానియల్ షాల్, హాంగ్-లిన్ త్రువాంగ్, షాహ్రామ్ దుస్త్‌దార్ ‘మనుషులు అందించే సర్వీసులు’ అనే భావనను ముందుకు తెచ్చారు. తాను ఏం చేయగలడో నిపుణుడే ఒక వెబ్ సర్వీసులా ప్రకటించుకుంటాడు. సాఫ్ట్‌వేర్ సర్వీసును వెతికినట్టే ఆయన్నూ వెతకవచ్చు. ఎవరికి ఏది తెలుసన్నది వాళ్లు గతంలో కలిసి చేసిన పనుల రికార్డుల నుంచి అంచనా వేయాలన్నది షాల్ పరిశోధనలో మరో భాగం. అది ఎక్కువగా విశ్వవిద్యాలయాల గడప దాటలేదు.

వ్యవస్థలో మనిషి ఉండాలన్న మాట చివరికి చట్టం నోట వచ్చింది. 2018 మే 25న అమల్లోకి వచ్చిన ఐరోపా సమాచార రక్షణ నియమాల 22వ అధికరణం ప్రకారం, జీవితంపై గట్టి ప్రభావం చూపే నిర్ణయాన్ని యంత్రం ఒక్కటే తీసుకున్నప్పుడు, మనిషి జోక్యం కోరే హక్కు బాధితుడికి ఉంది. ఆ మనిషి పేరుకు కూర్చున్నవాడైతే సరిపోదని, నిర్ణయాన్ని మార్చే అధికారం, అర్హత ఆయనకు ఉండాలని దానికి తోడు వచ్చిన మార్గదర్శకాలు స్పష్టం చేశాయి.

2023 డిసెంబర్ 7న ఐరోపా న్యాయస్థానం తేల్చిన కేసు సరిగ్గా ఒక రుణ దరఖాస్తు గురించే. జర్మనీలో షూఫా అనే సంస్థ మనుషుల అప్పు తీర్చే శక్తికి మార్కులు వేస్తుంది. మేం మార్కులు మాత్రమే ఇస్తాం, నిర్ణయం బ్యాంకుదే అన్నది ఆ సంస్థ వాదన. కోర్టు ఒప్పుకోలేదు. బ్యాంకు నిర్ణయం ఆ మార్కుల మీదే గట్టిగా ఆధారపడితే, ఆ మార్కులు వేయడమే యంత్రం తీసుకున్న నిర్ణయం అవుతుందని తీర్పిచ్చింది.