అపోహలు – వాస్తవాలు: లివర్‌కి బీడ్స్ పెట్టించుకుంటే ఇక కీమో అక్కర్లేదా?

పెద్దపేగు క్యాన్సర్ లివర్‌కి పాకినవాళ్లు మా ఇంటర్వెన్షనల్ రేడియాలజీ (స్కాన్ చూస్తూ సన్నటి ట్యూబులతో చికిత్స చేసే విభాగం) ఓపీకి వచ్చినప్పుడు, ఫైల్ బల్ల మీద పెట్టకముందే వినిపించే మాట ఒకటుంది. "డాక్టర్ గారూ, బీడ్స్ పెట్టేస్తే సెలైన్‌లో ఎక్కించే కీమో ఆపేయొచ్చు కదా?" బీడ్స్ అంటే కీమో మందు నింపిన అతి సన్నటి పూసలు. అడిగేది చాలాసార్లు కొడుకో అల్లుడో. పేషెంట్ పక్కనే తలవంచుకుని కూర్చుంటారు. నోరు పూసి, విరేచనాలతో నీరసించి, వేళ్ల చివర్లు తిమ్మిరెక్కి ఉన్న మనిషికి అలాంటి ఆశ పుట్టడంలో తప్పు లేదు. తప్పంతా ఆ ఆశ పుట్టించినవాళ్లది. "ఒక్క ఇంజెక్షన్‌తో లివర్ క్యాన్సర్ మాయం" అని వీడియోలు పెట్టేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

అపోహ: మందు నేరుగా లివర్‌లోకే వెళ్తుంది కాబట్టి మామూలు కీమో అవసరం లేదు.

బీడ్స్ పనిచేసేది మేము వదిలిన చోట మాత్రమే. గజ్జల్లోనో మణికట్టు దగ్గరో ధమనిలోకి సన్నటి ట్యూబ్ పంపి, లివర్‌కి వెళ్లే ధమనిలో గడ్డకు రక్తం ఇస్తున్న కొమ్మ దాకా చేరతాం. అక్కడ ఇరినోటెకాన్ అనే కీమో మందు నింపిన బీడ్స్ వదులుతాం. మేము ఎక్కువగా వాడేవి 70 నుంచి 150 మైక్రాన్లవి, అంటే తల వెంట్రుక మందానికి కాస్త అటూఇటూ. అవి ఆ నాళాల్లో ఇరుక్కుని రక్తాన్ని అడ్డుకుంటాయి, లోపలి మందును మెల్లగా గడ్డలోకి వదులుతాయి. లివర్ వరకు ఇది మంచి చికిత్సే. కానీ పేగు నుంచి లివర్‌కి వచ్చిన క్యాన్సర్ కణాలు రక్తంలో కొట్టుకొచ్చినవే కదా! అలాంటివే ఇంకొన్ని ఊపిరితిత్తుల్లోనో, పొట్ట లోపలి పొర మీదో స్కాన్‌కి అందనంత చిన్నగా దాగి ఉండొచ్చు. వాటి దాకా వెళ్లేది ఒళ్లంతా తిరిగే కీమోనే.

రిటైరైన మాస్టారు ఒకాయనకి మొదటి విడత బీడ్స్ చక్కగా పనిచేశాయి. స్కాన్ రిపోర్ట్ చూసి ఇంట్లోవాళ్లు సంతోషంతో ఊరెళ్లిపోయారు. "తగ్గింది కదా, ఇంక ఆ మందులతో నాన్నగారిని ఎందుకు బాధపెట్టడం" అని కీమో మానేశారు. ఆంకాలజీ వాళ్లు ఫోన్ చేస్తే "వస్తాం, వస్తాం" అన్నారట. కొన్ని నెలల తర్వాత దగ్గుతో వచ్చారు. లివర్‌లో మేము చికిత్స చేసిన గడ్డలు అప్పటికీ చచ్చే ఉన్నాయి. ఊపిరితిత్తుల నిండా మాత్రం కొత్త మచ్చలు. ఆ సీటీ ఫిల్మ్ ఆయన కూతురికి చూపించి చెప్పాల్సి రావడం నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది.

కొందరు నెట్‌లో వెతికి ఒక పరిశోధన పట్టుకొస్తారు. 2012లో ఇటలీ నుంచి వచ్చింది, 74 మంది మీద చేసినది. బీడ్స్ తీసుకున్నవాళ్ల మధ్యస్థ ఆయుష్షు (సగం మంది అంతకన్నా ఎక్కువ కాలం బతికారని అర్థం) 22 నెలలు, ఫోల్ఫిరి కీమో తీసుకున్నవాళ్లది 15 నెలలు. నిజమే, మంచి ఫలితమే. కానీ వాళ్లు అంతకుముందే కీమో వాడి ఉన్నవాళ్లు, పైగా పరీక్ష చిన్నది. దాన్ని చూపించి ఇప్పుడు నడుస్తున్న కీమోను సగంలో ఆపడం సాహసం. ఒళ్లు కీమోను అసలు తట్టుకోలేని కొందరికి బీడ్స్ మాత్రమే ఇచ్చే సందర్భాలూ ఉంటాయి. ఆ నిర్ణయం మీ ఆంకాలజిస్టుది, వాట్సాప్ గ్రూపుది కాదు. ఇంకో మాట కూడా: గడ్డలు కోసి తీయగలిగేలా ఉంటే ముందు లివర్ సర్జన్‌ని కలవండి. పూర్తిగా నయమయ్యే అవకాశం ఎక్కువగా ఆ దారిలోనే ఉంది. బీడ్స్ కోసం ఆపరేషన్ వదులుకోకండి.

రెండోది, కామెర్ల సంగతి. కళ్లు పచ్చబడగానే పసరు మందుకో, చేతి మీద వాతలకో పరిగెత్తి, వారాలు పోగొట్టుకుని మా దగ్గరికి వచ్చేవాళ్లు ఇంకా ఉన్నారు. లివర్‌లో సెకండరీస్ (వేరే చోటి నుంచి పాకిన గడ్డలు) ఉన్న మనిషికి కామెర్లు వస్తే దాని అర్థం వేరు. గడ్డ పైత్యనాళాన్ని నొక్కి ఉండొచ్చు, లేదా లివర్ చాలా భాగం దెబ్బతిని ఉండొచ్చు. రక్తంలో బిలిరుబిన్ (కామెర్లలో పచ్చదనం తెచ్చే పదార్థం) బాగా పెరిగాక బీడ్స్ పెడితే ఉన్న లివర్ కూడా చేతులెత్తేస్తుంది. నాళం మూసుకుంటే స్టెంట్ (లోపల పెట్టే చిన్న గొట్టం) వేసి తెరవొచ్చు, అదీ త్వరగా వస్తేనే. స్టెంట్ ఉన్నవాళ్లకి బీడ్స్ తర్వాత లివర్‌లో చీము పట్టే ప్రమాదం ఎక్కువ కాబట్టి, ఆ విషయం మాకు ముందే చెప్పండి.

రక్తం ఆపేస్తే లివరే చచ్చిపోతుందన్న భయం చాలామందికి ఉంది. లివర్‌కి రక్తంలో దాదాపు ముప్పావు వంతు పేగుల నుంచి రక్తం తెచ్చే పోర్టల్ సిర నుంచి వస్తుంది. గడ్డలు మాత్రం ఎక్కువగా ధమని మీదే బతుకుతాయి. ఈ చికిత్సకు ఆధారమే అది. పోర్టల్ సిర మూసుకుపోయి ఉంటే మేమే వెనకాడతాం. ఇక సూది తగిలితే క్యాన్సర్ పాకుతుందన్న పుకారు: ఇందులో గడ్డలోకి సూదే వెళ్లదు.

నొప్పి ఉండదని మాత్రం నేను చెప్పను. ఇరినోటెకాన్ బీడ్స్ వదిలేటప్పుడు నొప్పి వస్తుంది. అందుకే ముందు ధమనిలోనే లిడోకైన్ ఇస్తాం, బీడ్స్ చాలా నిదానంగా వదులుతాం. మొన్న ఒక పెద్దావిడ బల్ల మీద పడుకుని, "డాక్టరమ్మా, కుడి భుజం లాగేస్తోందే!" అన్నారు. లివర్ నొప్పి అలా భుజంలో తెలుస్తుంది. "మందు వెళ్తోందమ్మా, కాసేపు ఆపుతాను" అని సిరంజి ఆపి, నొప్పి మందు పెంచాక మళ్లీ మొదలుపెట్టాం.

ఆ తర్వాత కొన్ని రోజులు, ఒక్కోసారి వారం దాకా, జ్వరం, వికారం, నీరసం ఉంటాయి. గడ్డ చావడం వల్ల వచ్చే జ్వరం అది, టెన్షన్ పడొద్దు. చలితో వణికించే జ్వరం, వారం దాటినా తగ్గని జ్వరం, కొత్తగా కామెర్లు, ఆగని కడుపునొప్పి – వీటిలో ఏది వచ్చినా అర్ధరాత్రయినా సరే ఎమర్జెన్సీకి వచ్చేయండి.

నాలుగు నుంచి ఆరు వారాలకు స్కాన్ తీస్తాం. రిపోర్టులో గడ్డ సైజు అంతే ఉందని చూసి ఏడ్చేసిన వాళ్లున్నారు. చచ్చిన గడ్డ వెంటనే చిన్నదవదు, కొన్నిసార్లు కాస్త ఉబ్బుతుంది కూడా. కాంట్రాస్ట్ (స్కాన్‌లో రక్తం పారే చోట్లు కనిపించేలా చేసే మందు) ఎక్కించాక గడ్డ లోపల వెలుగు కనిపిస్తోందా లేదా అన్నదే మేము చూసేది. వెలగకపోతే అక్కడ రక్తం లేనట్టే. అందుకే సెంటీమీటర్లు చదివి కంగారు పడకుండా, ఫిల్మ్‌లు మా దగ్గరికి తీసుకురండి.